ఎదురు రంగు

ఆ ఉదయం బుజ్జి కుర్చీలో కూర్చోలేదు.

ఇంటి ముందు గదిలో అమ్మ బ్యూటీ పార్లర్ నడుపుతుంది. పెద్ద అద్దం, దాని ముందు పైకీ కిందికీ జరిగే కుర్చీ, పక్కన చక్రాల బల్ల మీద సీసాలు, బ్రష్షులు. పార్లర్ తలుపు తెరవకముందే రోజూ ఆ కుర్చీలో కూర్చునే మొదటి మనిషి బుజ్జి. ఆమె ఎడమ కంటి కింద మొదలై చెవిదాకా, అక్కణ్ణుంచి దవడ అంచుదాకా పరుచుకున్న ఎర్రటి మచ్చ పుట్టుకతో వచ్చినది. అమ్మ ముందు దాని మీద పల్చగా ఆకుపచ్చ క్రీము రాసేది. ఆకుపచ్చ తగలగానే ఎరుపు అణిగిపోయేది. ఆపైన చర్మం రంగు క్రీము, దాని మీద పౌడరు. టీ చల్లారేలోపు ఎడమ బుగ్గ కుడి బుగ్గలాగే అయిపోయేది.

ఆ రోజు అమ్మ క్రీము మూత తీసి పట్టుకుని పిలిస్తే, బుజ్జి లోపలి గదిలోంచే ఈ రోజు వద్దంది. ఆలస్యమైందా అని అడిగింది అమ్మ. కాలేదంది. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందంది. వంటింట్లో టీ వడగడుతున్న నాన్న చెయ్యి ఆగింది. ఏళ్ల తరబడి సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎక్కడ గతుకు రాబోతోందో ముందే తెలిసిపోతుంది ఆయనకి. రెండు కప్పులు పట్టుకుని వచ్చి, ఒకటి అమ్మ చేతిలో పెట్టి, కాసేపు దాన్ని వదిలెయ్యి అన్నాడు. అమ్మ వదల్లేదు. కప్పు అక్కడే పెట్టేసి లోపలికి నడిచింది.

బుజ్జి పిల్లల పుస్తకాలకి బొమ్మలు గీస్తుంది. ఆమె పనంతా రంగు పెన్సిళ్లతోనే. వచ్చే వారం అన్నయ్య పెళ్లి. హాలు గుమ్మం దగ్గర అందరూ పెట్టుకునే ఫోటో కాకుండా, చెల్లెలు గీసిన కుటుంబం బొమ్మ పెడదామని అన్నయ్యే అడిగాడు. ఆ మాటకి బుజ్జి పొంగిపోయింది. నెల పైగా మిగతా పనులు పక్కనపెట్టి నలుగురి బొమ్మా ఒకే కాగితం మీద వేస్తోంది.

ముందు నాన్న బొమ్మ పూర్తయింది. తన పసుపు చొక్కా మడతల్లో ఊదా రంగు పెన్సిల్ తిప్పుతుంటే నాన్న కంగారుపడ్డాడు. చొక్కాకి సిరా అంటినట్టు కనపడదా అన్నాడు. నీడంటే నలుపు కదా అని కూడా అన్నాడు.

"నలుపు వేస్తే మట్టి కొట్టుకుపోయినట్టు ఉంటుంది నాన్నా. నీడలో కూడా చొక్కా పసుపే కదా. అందుకే పసుపుకి ఎదురు రంగు ఊదా. పల్చగా పొర మీద పొర వేస్తే ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నీడవుతాయి. నీలానికి నారింజ, ఎరుపుకి ఆకుపచ్చ. అన్నీ అంతే."

సాయంత్రానికి చొక్కా మడతలు చేత్తో సర్దుకోవచ్చన్నంత నిజంగా తేలాయి. నాన్న చాలాసేపు చూసి, ఇస్త్రీ చేయించుకోవాల్సింది అన్నాడు. అన్నయ్య నీలం చొక్కాకి నారింజ, అమ్మ నారింజ శాలువాకి నీలం పడ్డాయి. చివరికి తన ముఖం మిగిలింది.

దానికోసం బుజ్జి ఆ రోజు తెల్లవారుజామునే చిన్న అద్దం తెచ్చి కిటికీ దగ్గర పెట్టుకుంది. కూర్చున్నాక గానీ ఆమెకి తట్టలేదు, క్రీము లేని తన ముఖాన్ని వెలుతురులో తీరిగ్గా చూసుకున్న రోజే లేదని. లేవగానే ముఖం కడుక్కోవడం, కుర్చీలో కూర్చోవడం, కళ్లు మూసుకోవడం. కళ్లు తెరిచేసరికి అద్దంలో అమ్మ తయారుచేసిన అమ్మాయి ఉండేది. బుజ్జికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ముదురు ఎరుపు పెన్సిల్ తీసుకుని ఆ మచ్చని ఎంత ఉందో అంత, అంచులతో సహా కాగితం మీద వేసేసింది.

అమ్మ గదిలోకి వచ్చింది ఆ బొమ్మ ముందుకే.

కాగితం మీదికి వంగింది. ఆ తర్వాత మెల్లగా, ఇంకా పూర్తవలేదేమో, పైన రంగు వేస్తావేమో అంది. బుజ్జి ఇంతేనంది. పెళ్లికి కూడా ఇలాగే వస్తానంది. అమ్మ మంచం అంచున కూలబడింది. వియ్యపురాలు నాలుగుసార్లు ఇంటికొచ్చిందని, నాలుగుసార్లూ బుజ్జిని మెచ్చుకుందని, ఇప్పుడు గుమ్మంలోనే ఈ బొమ్మ చూస్తే ఏమనుకుంటుందని ఒకటే గొడవ.

"దాచిపెట్టామంటారే," అంది చివరికి.

"దాచాంగా."

"మాటకి మాట చెప్పకు. పెళ్లి నీది కాదు, వాడిది."

"బుగ్గ మాత్రం నాదే కదమ్మా."

అప్పుడే స్నానం చేసి వచ్చిన అన్నయ్య గుమ్మంలో ఆగిపోయాడు. తల తుడుచుకుంటూ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అమ్మ ముఖం చూసి మెత్తబడి, ఆ ఒక్కరోజుకీ అమ్మ చెప్పినట్టు వినకూడదా, తర్వాత నీ ఇష్టం అన్నాడు. బుజ్జి పెన్సిల్ కింద పెట్టింది.

"ఆ ఒక్కరోజు ఎన్నిసార్లొచ్చిందో తెలుసా అన్నయ్యా? స్కూలు ఫోటో రోజు. కాలేజీలో చేరిన రోజు. ఎవరింటికైనా వెళ్లిన ప్రతిరోజూ. నానమ్మ పోయిన రోజు నేను ఏడవలేదని అందరూ ఏమన్నారో గుర్తుందా? గుండె రాయి అన్నారు. ఏడిస్తే క్రీము కారిపోతుందని ఏడవలేదు. ముఖం తుడుచుకోకమ్మా అని అమ్మ చెవిలో చెప్పింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి పోతే, నేను బుగ్గ కాపలా కాసుకుంటూ కూర్చున్నాను."

అన్నయ్య వెనకే వచ్చి నిలబడ్డ నాన్న తువ్వాలు తీసి భుజం మీద వేసుకుని, మళ్లీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నీకోసమే ఈ పని నేర్చుకున్నాను అని మాత్రం అంది అమ్మ. నిజమే. బుజ్జిని మొదటిసారి బడికి తీసుకెళ్లిన రోజు, పక్కన కూర్చోబెట్టిన పిల్ల తల్లి పరుగున వచ్చి, అది తన కూతురికి అంటుకుంటుందేమోనని బుజ్జిని లేపి ఇంకో బెంచీకి మార్చింది. ఆ సాయంత్రమే అమ్మ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క పార్లర్ మెట్లెక్కి, జీతం వద్దు, పని నేర్పించండి అని అడిగింది. ఆ పనే తర్వాత ఇంటికి ఆసరా అయింది. ఈ కథ ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసే బుజ్జి ఇన్నాళ్లూ కుర్చీలో కూర్చుంది.

"నువ్వు నేర్చుకున్నది నాకోసమే. కాదనను. కానీ ఆవిడ నన్ను ఒక్కసారి బెంచీ మార్చింది. నువ్వు రోజూ మారుస్తున్నావు," అంది బుజ్జి. సంచీ భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయింది.

ఉత్త ముఖంతో బస్సెక్కడం ఆమెకి అదే మొదటిసారి. ఎదురు సీట్లో ఒకాయన చూసి చటుక్కున తల తిప్పుకున్నాడు. పక్కనున్న ఆవిడ మాత్రం తిప్పుకోలేదు, మరీ పరీక్షగా చూసింది. బుజ్జి కూడా ఆవిడ్ని అంతే పరీక్షగా చూసింది. రెండు స్టాపుల తర్వాత ఆవిడే కిటికీలోకి తిరిగింది. కిటికీలోంచి గాలి నేరుగా బుగ్గకి తగులుతుంటే బుజ్జికి కొత్తగా ఉంది. భయం లేదని కాదు. భయంతోనే తల ఎత్తి కూర్చుంది.

ఆమె దిగింది కాబోయే వదిన పనిచేసే కళ్లద్దాల షాపు ముందు. ఎవరో చెప్పేకన్నా తనే చూపించాలని వచ్చింది. వదిన కౌంటరు వెనక ఫ్రేములు తుడిచి వరసగా పెడుతోంది. తలెత్తి, ఏం కావాలండీ అంది. అని, మరుక్షణంలోనే నాలుక్కరుచుకుంది.

"నేనే వదినా. నా అసలు ముఖం ఇది. చూపిద్దామని వచ్చాను," అంది బుజ్జి.

వదిన ఆ ముఖాన్ని శ్రద్ధగా చూసింది. జాలిపడలేదు, తడబడలేదు. స్టూలు లాగి కూర్చోమంది. మంచినీళ్లిచ్చింది. ఆ తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, తనకి ఎప్పుడో తెలుసని చెప్పింది. రెండోసారి కలిసినప్పుడే అన్నయ్య చెప్పేశాడట. అమ్మకి తెలిస్తే ఊరుకోదు, నీకేం తెలియనట్టే ఉండు అని బతిమాలాడట.

"నువ్వే ఎప్పుడో చెప్తావని చూస్తున్నాను. నేనై నేను అడిగితే నొచ్చుకుంటావేమోనని ఊరుకున్నా," అంది వదిన.

బుజ్జికి నవ్వొచ్చింది, దాని వెనకే ఒళ్లు మండింది. తన ఒక్క బుగ్గ చుట్టూ ఇంతమంది ఇన్ని నాటకాలు. మరి మీ అమ్మగారికి తెలుసా అని అడిగింది. వదిన తెలియదంది. చెప్పాల్సినంత విషయం అనిపించలేదంది. ఆ మాట వదిన చాలా మామూలుగా అంది. బుజ్జి గ్లాసులో మిగిలిన నీళ్లు తాగి లేచింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి పార్లర్ తలుపు మూసి ఉంది. నాన్న వరండాలో కూర్చున్నాడు. లోపలికి చూపు తిప్పి, పొద్దున్నుంచీ నీ గదిలోనే ఉంది, నన్ను రానివ్వలేదు అన్నాడు.

అమ్మ బుజ్జి బల్ల ముందు కూర్చుని ఉంది. చేతిలో ఆకుపచ్చ పెన్సిల్. ముందు బొమ్మ. బుజ్జి సంచీ గుమ్మంలోనే పడేసింది.

"ఏం చేశావమ్మా?"

అమ్మ తిరగలేదు. "పోవట్లేదే," అంది. "నీకు రాసినట్టే రాశాను. ఆకుపచ్చ పడితే ఎరుపు అణిగిపోవాలి కదా. ఇక్కడ అణగట్లేదు. రాసేకొద్దీ ఇంకా నిజంగా కనపడుతోంది. ఇంత చేసిందాన్ని నాకే చేతకాలేదు."

బుజ్జి విసురుగా బొమ్మ దగ్గరికి వెళ్లింది. వంగి చూసింది. కిటికీ వైపు కాస్త తిప్పి మళ్లీ చూసింది.

తను వేసిన మచ్చ చదునుగా ఉండేది. ఒకే ఎరుపు, ఒకే ఒత్తిడి. కాగితం మీద ఎర్ర కాగితం కత్తిరించి అతికించినట్టు. నాన్న చొక్కా మడతకి కూడా ఎదురు రంగు వెతికిన చెయ్యి, తన బుగ్గ దగ్గరికొచ్చేసరికి కోపంతో ఎర్రటి జెండా పాతేసి లేచిపోయింది. ఇప్పుడు అదే చోట బుగ్గ ఉంది. చెవి పక్కన, మచ్చ ముదురుగా ఉండేచోట ఆకుపచ్చ చిక్కగా పడి లోతుకి దిగింది. దవడ కింద నీడ తిరిగింది. బుగ్గ ఎత్తు మీద పెన్సిల్ తగిలీ తగలనట్టు పోయి, ఎరుపు వెలుగుతూ మిగిలింది. ఎక్కడ ఒత్తాలో ఎక్కడ వదిలెయ్యాలో ఆ చేతికి చూడకుండానే తెలుసు. అన్నేళ్లుగా రోజూ పొద్దున్నే వేళ్లతో తడిమిన బుగ్గ అది.

"నువ్వు చెరపలేదమ్మా. నీడ వేశావు," అంది బుజ్జి. "నేను మచ్చ ఒక్కటే గీశాను. దాని కింద బుగ్గ ఉందని మర్చిపోయాను."

అమ్మ అప్పుడు తిరిగింది. క్రీము లేని కూతురి ముఖాన్ని, రాయడానికి కాకుండా ఊరికే చూసింది. చూస్తుండగానే కళ్లు నిండిపోయాయి.

"నీ ముఖం చూడలేక కాదే నేను దాచింది. ఆవిడ కళ్లు మర్చిపోలేక. నువ్వు బయటికెళ్తుంటే ప్రతివాళ్ల కళ్లూ ఆవిడ కళ్లే అనిపించేవి. ఆ చూపులు నీకు తగలకూడదనుకున్నాను. నీకు నేనే అడ్డమైపోయానని తెలియలేదు."

బుజ్జికి వెంటనే సరే అనబుద్ధి కాలేదు. నానమ్మ పోయిన రోజు ఇంకా గొంతులోనే ఉంది. అయినా కింద చాప మీద కూర్చుని, అమ్మ ఒళ్లో తల ఆన్చింది. అప్పటిదాకా ఆపుకున్నదంతా వచ్చేసింది. ఎక్కిళ్లు పెట్టి, ముక్కు కారేలా, చిన్నపిల్లలా ఏడ్చింది. అమ్మ ముఖం తుడవబోయి ఆగింది. ఏడవనిచ్చింది.

చాలాసేపటికి బుజ్జి లేచి ముఖం కడుక్కుని వచ్చి, ముక్కు పక్క అంచు ఇంకా చదునుగానే ఉందని చూపించింది. అమ్మ బిత్తరపోయి, నేనా అంది. నీ కన్నా ఎవరికి తెలుసు అంది బుజ్జి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే పెన్సిల్ అటూ ఇటూ మార్చుకుంటుంటే, నాన్న గుమ్మంలోంచి తొంగి చూసి చప్పుడు చెయ్యకుండా వెళ్లి టీ పెట్టాడు. సాయంత్రం అన్నయ్య వచ్చాక, వదినకి తనే చెప్పేశాడన్న సంగతి బయటపడింది. అమ్మ అతన్ని కాసేపు గట్టిగా చీవాట్లు పెట్టి, మధ్యలో ఏం తిట్టాలో తోచక నవ్వేసింది.

పెళ్లి రోజు హాలు గుమ్మం దగ్గర బొమ్మ పెట్టారు. బుజ్జి ఉత్త ముఖంతోనే నిలబడి వచ్చినవాళ్లని పలకరించింది. కొందరు చూశారు, కొందరు చూడనట్టు చూశారు. వియ్యపురాలు బొమ్మ ముందు ఆగి, బుజ్జిని చూసి, మళ్లీ బొమ్మని చూసింది. నొప్పిగానీ ఉంటుందా అమ్మా అని అడిగింది. లేదంటే, ఊరికే ఆ చెవి పక్కన ముంగురులు సర్ది లోపలికి వెళ్లింది.

ఆ వెనకే వచ్చిన ఒక పెద్దావిడ మాత్రం అమ్మని పక్కకి పిలిచింది. బొమ్మ బ్రహ్మాండంగా ఉందంది. అమ్మాయి బుగ్గ మీద మాత్రం రంగు కాస్త ఎక్కువ పడినట్టుందని, పోనీ ఎవరూ గమనించకుండా ఆ పక్కకి పూలకుండీ జరిపించనా అని గొంతు తగ్గించి అడిగింది.

బుజ్జి నాలుగడుగుల దూరంలో ఉంది. మాటలు వినపడ్డాయి. అమ్మ వైపు తిరగకుండా అక్కడే నిలబడింది.

అమ్మ గొంతు తగ్గించలేదు. హాలులో సగం మందికి వినపడేలా చెప్పింది.

"కుండీ అక్కడే ఉండనివ్వండి. రంగు పొరపాటున పడలేదండీ, మేమే వేశాం. సగం నేను వేశాను."