ఆదివారం చేతికిచ్చిన బిల్లు

పొద్దున్నే మెర్విన్ బూట్లకు తాళ్లు కట్టేది అతని భార్య నోరీనే. ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్‌లో సగం ఇళ్లకు టైల్స్ పరిచిన ఆ మోకాళ్లు ఇప్పుడు వంగమంటే వంగవు.

"కాలు కదపకు. నీకంటే గుర్రానికి నాడాలు కొట్టడం తేలిక" అని రోజూ విసుక్కుంటూనే ముడి వేస్తుంది.

ఆ రోజు ముడి పడలేదు. లాయరు పంపిన కోర్టు కాగితాలు చదువుతూ మెర్విన్ కాలు లాగేసుకున్నాడు.

నలభై ఫ్లాట్లకు టైల్స్ వేయించుకుని బిల్డరు లక్షా ఎనభై వేల డాలర్లు ఎగ్గొట్టాడు. చట్టం నియమించిన తీర్పరి, బిల్లులూ ఫోటోలూ చూసి మొత్తం ఇవ్వాల్సిందేనన్నాడు. దాంతో బిల్డరు కోర్టుకెక్కాడు. లెక్క తప్పా ఒప్పా అన్నది అక్కడ చూడరు. బిల్లు పద్ధతి ప్రకారం బిల్డరుకు అందిందా లేదా, అంతే. అందలేదంటే తీర్పరికి తీర్పు చెప్పే అధికారమే లేదు. ఆ తీర్పు కొట్టేస్తే ఉన్న ఇల్లు బ్యాంకు పాలు.

మెర్విన్ బిల్లును నేరుగా ఆఫీసుకు పంపలేదని బిల్డరు తరఫున అఫిడవిట్ ఇచ్చింది అతని ఆఫీసులో పనిచేసే లినెట్. మెర్విన్ సొంత కూతురు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నిజమే.

ఫోన్ చేయగానే లినెట్ వచ్చింది.

"ఈ బల్ల దగ్గరే కదే! ఆదివారం భోజనానికొచ్చావు. రేపు ఎలాగూ ఆఫీసుకెళ్తావు కదా, పట్టుకెళ్లమని బిల్లు నీ చేతిలో పెట్టా!"

"నువ్వు ఇంట్లో నా చేతికిచ్చావనే రాశాను నాన్నా. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు."

"మరి సోమవారం దాన్నేం చేశావే?" అంది నోరీన్.

లినెట్ తల దించుకుంది. "పొద్దున ఎనిమిదింటికి మా బాస్ చేతికిచ్చా. నా ముందే విప్పి చదివాడు."

"అది రాయలేదేం?"

"రాస్తే ఆ వాక్యం కొట్టించేశాడు. ఇలాగే సంతకం పెట్టు, లేదంటే రేపట్నుంచి రావద్దన్నాడు. నాకు మాత్రం ఇంటి లోను లేదా అమ్మా?"

మెర్విన్ కోర్టు కాగితాలు బల్ల మీద పడేశాడు. "వాడు ఎగ్గొడితే కోపమొచ్చింది. పోట్లాడా. ఇందాక లాయరు ఫోన్ చేసి, ఈ లినెట్ మీకేమవుతుందని అడిగాడు. నోరు పెగల్లేదే నాకు."

ఆ మాటకు లినెట్ వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు. చాలాసేపటికి తనే ముఖం తుడుచుకుంది.

"లాయరు దగ్గరికి పద నాన్నా. సోమవారం సంగతి కూడా రాసిస్తా."

"ఉద్యోగం?" అంది నోరీన్.

"పోతే పోనీ."

మెర్విన్ లేచాడు. బూట్ల తాళ్లు నేలకు రాసుకుంటున్నాయి. లినెట్ అతని ముందు మోకాళ్ల మీద కూర్చుని ముడి వేయసాగింది.

"గట్టిగా కట్టు. నా కోపం ఇంకా పోలేదు" అన్నాడు మెర్విన్.

కాలు మాత్రం లాక్కోలేదు.