గిటారుల పలికిన గొంతు

బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ కొత్తగ నడుస్తున్న రోజులు. దాని ఎన్కాల ఒక ఖాళీ క్వార్టర్ ఉండె. ఎవ్వలకిచ్చినా మూడు దినాలు ఆగకపోదురు. పొద్దుగూకితే నేల కింద నుంచి ఎవరో పిలుస్తరని దానికి పేరు...

కరెంటు మిస్త్రీ రాజనర్సు గవన్నీ నమ్మేటోడు కాదు. ఇంజనీరు దొర తన కరెంటు గిటారు చేతిలవెట్టి, ఆవాజ్ బొంగురువోతుంది, మంచిగ చెయ్యమన్నడు. గా పనికి సప్పుడు లేని జాగ గావాలె. ఖాళీ క్వార్టర్ తాళంచెవి అడిగిండు.

"చీకటైనంక ఆడ ఉండకు, రాజన్నా" అన్నడు కావలి లింబయ్య, గొంతు తగ్గించి.

రాజనర్సు నవ్వి, తాళంచెవి తీసుకొని పోయిండు.

గిటారు తీగెల కింద పికప్ ఉంటది — ఒక అయస్కాంతం, దాని సుట్టు వెంట్రుకంత సన్నటి రాగితీగెతోని కాయిల్. తీగె మోగితే అది పట్టుకొని స్పీకర్ డబ్బకు అందిస్తది. రాజనర్సు పాత కాయిల్ ఇప్పి, ఇంకిన్ని చుట్లు ఎక్కువ చుట్టిండు. ఆవాజ్ నిండుగొచ్చింది. గని చుట్లు వదులు. దగ్గితే దగ్గు, తలుపు కొడితే తలుపు — అన్నీ డబ్బల మోగుడే.

పొద్దుగూకింది. గప్పుడు డబ్బల ఇనవడ్డది.

"...బాపూ..."

కిటికీల నుంచి తొంగి చూసిండు. ఎవ్వలు లేరు. బయట పోయేటోళ్ల మాటేదో వదులు చుట్లకు తగిలిందనుకున్నడు. మైనం కాగవెట్టి కాయిల్‌ను దాంట్ల ముంచిండు. మైనం గట్టివడితే చుట్లు కదలవు. ఇగ తీగెల సప్పుడు తప్ప మనిషి మాట పట్టదు.

బిగించి, గట్టిగ దగ్గిండు. డబ్బ పలుకలే. పానం నిమ్మళమైంది.

"బాపూ... గీడ... కింద..."

తీగెల మీద అరచెయ్యి అదిమిండు. తీగెలు కదుల్తలేవు. గొంతు ఆగలే.

ఉరుకుదామనుకున్నడు. గని గట్ల పిలుస్తుంటే ఇడిసివెట్టి పోనీకి కాళ్లు రాలే. గిటారు ఎత్తుకొని వైరు అందినంత దూరం నడిసిండు. వాకిలి దిక్కు పోతే గొంతు సన్నవడ్డది. పెరటి దిక్కు పోతే — పెరిగింది.

"లింబన్నా! కందీలు పట్టుకురా!"

పెరట్ల ఎన్నడో ఎండిన మోటబావి. మీద ఏసిన పలకలు ఇరిగున్నయి. కందీలు దించితే అడుగున మనిషి... కట్టెలేరుకునే పెంటవ్వ!

లింబయ్య తాడువట్టుకొని దిగి, ముసలామెను నడుముకు కట్టుకొని పైకొచ్చిండు. తాగనీకి నీళ్లిచ్చిండ్రు.

"మంచిగ పిలిచినవ్, అవ్వా" అన్నడు రాజనర్సు. "లేకుంటే మాకెట్ల ఎరుక?"

పెంటవ్వ తల అడ్డంగ ఊపింది. పెదవులు కదిలినయి గని మాట గాలిలెక్క వచ్చింది. చెవి దగ్గెరవెట్టి ఇన్నరు.

"నేనేడ పిలిసిన, బిడ్డా... నిన్ననే గొంతు వాయె. నా పక్కపొంటి కూసున్న పోరి పిలిసింది... దాన్ని గూడ తీయుండ్రి."

లింబయ్య మొఖం తెల్లవోయింది. "కింద ఇంకెవ్వలు లేకుండె, రాజన్నా... నేను సూసిన."

తాడు ఇంక బావిలనే ఏలాడుతుంది. దాన్ని పైకి గుంజనీకి ఇద్దరికీ చేతులు రాలే.