నీరజ మాట పూర్తయ్యేలోపు

కిషోర్ నోటికి తాళం లేదు. కుప్పంలో పుట్టినవాడు కదా, తమిళం, కన్నడం, తెలుగు మూడూ గలగలా దొర్లించేస్తాడు. మదనపల్లెలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరిన రోజే ఇంగ్లీషునూ వదల్లేదు. గ్రామర్ గంగలో కలిసినా గొంతు మాత్రం తగ్గలేదు.

అక్కడి సారు అందరికీ పర్సనాలిటీ టెస్టు పెట్టాడు. కిషోర్ ఎక్స్‌ట్రావర్ట్, పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే నీరజ ఇంట్రోవర్ట్ అని తేల్చి, ఇద్దరినీ జంటగా కూర్చోబెట్టాడు. వాగుడుకాయ పక్కనుంటే ఆ పిల్లకూ మాటలొస్తాయని ఆయన లెక్క. నెమ్మదస్తులకు జవాబు చెప్పే టైమివ్వాలని కూడా చెప్పాడు గానీ, అప్పుడు కిషోర్ వెనక బెంచీతో కబుర్లాడుతున్నాడు.

నీరజ జవాబు మొదలుపెట్టే ముందు కళ్లు దించుకుంటుంది, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటుంది. ఆ సొగసు చూస్తే వీడికి ప్రాణం లేచొచ్చేది. పాపం కష్టపడుతోందని, వాక్యం తానే పూర్తి చేసేసేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ నవ్వులో ఇష్టం ఉన్న మాట నిజమే గానీ, చెప్పడానికి వీడు సందిస్తే కదా!

బెంగళూరు కంపెనీ ఇంటర్వ్యూకు ఇద్దరూ వెళ్లారు. ఉద్యోగం రాకపోతే బావతో పెళ్లి నిశ్చయం చేస్తామని నీరజ ఇంట్లో తేల్చి చెప్పి ఉన్నారు. కిషోర్‌కు వచ్చింది. నీరజ మొదటి ప్రశ్నకే కళ్లు దించుకుని, అలవాటుగా పక్కకు చూసిందట. పక్కన ఎవరూ లేరు.

ఆ సాయంత్రం మదనపల్లె బస్టాండులో ఒకటే వాన. పుంగనూరు బస్సెక్కి కూర్చున్న నీరజ దగ్గరికి వెళ్లి, కిషోర్ గుండె దిటవు చేసుకుని అడిగేశాడు.

"నువ్వంటే నాకు ప్రాణం నీరజా. మీ బావను వద్దని చెప్పి, నాతో వస్తావా?"

నీరజ కళ్లు దించుకుంది. పెదవులు కదిలాయి. కండక్టర్ విజిల్ వేశాడు. ఆ మౌనం కిషోర్‌కు ముళ్ల మీద నిలబడ్డట్టుంది.

"రానంటావు, అంతే కదా. నాకు తెలుసులే," అని ఆ జవాబూ తానే చెప్పేసి దిగిపోయాడు.

వారం తర్వాత, క్లాసు మెట్ల మీద నీరజ స్నేహితురాలు ప్రమీల కనబడింది. నీరజకు బావతో నిశ్చయమైపోయిందని చెప్పింది.

"నీతో వస్తాననే చెప్పాలనుకునిందప్పా. నువ్వే నిలబడలేదంట."

"మరి ఫోన్ యాల చెయ్యలేదు?"

"చెయ్యమని నేనూ చెప్పినా. 'నా మాట అయ్యేదాకా ఆగలేనోడితో జన్మంతా ఎట్ల బతికేది' అనింది."

కిషోర్ ఆ మెట్ల మీదే కూలబడి, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా సరే, వెక్కివెక్కి ఏడ్చాడు.