రెండో ప్రార్థనకు ముందు

సుకుమార్ చేసిన నేరమల్లా భోజనం మధ్యలో లేచి చెయ్యి కడుక్కోవడమే.

మంచి ఉద్దేశంతోనే లేచాడు పాపం. ఆశాజ్యోతి వేడి చారు గిన్నె మోసుకుంటూ వస్తోంది. తను అందుకుని వడ్డిస్తే వాళ్ల నాన్నగారి కళ్లలో పడొచ్చని ఆశ. పడ్డాడు కూడా. చాపల మీద బారుగా కూర్చున్న చుట్టాలందరూ తినడం ఆపేసి అతన్నే చూస్తున్నారు. జ్యోతి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

సుకుమార్‌ది కడియం. నర్సరీ మొక్కలు సప్లై చేస్తాడు. తొలకరిలో నరసాపురం స్కూల్లో మొక్కలు దింపిస్తుంటే, మామిడి అంట్లు ఎండలో పడేస్తే బతుకుతాయా అని అక్కడి టీచరమ్మ, ఈ జ్యోతే, పిల్లలందరి ముందూ దులిపేసింది. తిట్లు తిన్నవాడు మర్నాడు మళ్లీ వెళ్లాడు. మొక్కలకి నీళ్లు పోశారో లేదో చూడాలట! ప్రేమలో పడ్డవాడికి సాకులకేం కరువు?

పెళ్లి మాట ఎత్తితే మాత్రం ఆవిడ అవుననలేదు, కాదనలేదు. ఆదివారం భోజనానికి రండి, నాన్నగారు చూస్తారు అంది. ఆ ఒక్క పూటలో తన జీవితం తేలిపోతుందని అతనికి రాత్రంతా నిద్ర లేదు.

వాళ్లు మెన్నొనైట్లు, ఆడంబరాలు కూడదనే క్రైస్తవ శాఖ వాళ్లు. తాతల నాడు పాలమూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో టీవీ లేదు, ఒంటి మీద నగ లేదు, ఆడవాళ్ల తల మీంచి కొంగు జారదు. ఆదివారం నాలుగిళ్ల వాళ్లూ కలిసి కట్టెల పొయ్యి మీద వండుకుంటారు. తినేముందు ఒక మౌన ప్రార్థన, తిన్నాక ఇంకొకటి. లూథరన్ శాఖ క్రైస్తవుల ఇంట్లో పెరిగిన సుకుమార్‌కి మొదటిది అర్థమైంది. రెండోదాని సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ ఇంట్లో తినడానికి కూర్చున్నవాళ్లు రెండో ప్రార్థన కాకుండా లేచారంటే, అక్కడున్న ఎవరి వల్లో మనసు నొచ్చుకుందని అర్థం. అది తేలేదాకా ప్రార్థన ఉండదు. అందరూ ఎంగిలి చేతులతో కూర్చోవలసిందే.

జ్యోతి నాన్నగారు జాషువా మెల్లగా అడిగారు. "ఎవరి వల్ల నొచ్చుకున్నారు బాబూ?"

చారు వడ్డిద్దామని లేచానండి, మరేం లేదండి అని సుకుమార్ నీళ్లు నమిలాడు. మొదట అందరూ మొహమాటంతో ఇలాగే అంటారని, ఫర్వాలేదు చెప్పమని ఆయన ధైర్యం చెప్పారు. బయట వాన దంచుతోంది. పారిపోదామన్నా దారి లేదు.

అంతా చెడిపోయిందనుకున్నాడు. అప్పుడు తోచింది, నొచ్చుకున్న మాట అబద్ధమేం కాదని.

"జ్యోతి గారి వల్లేనండి," అన్నాడు.

ఆవిడ గిన్నె కింద పెట్టేసింది.

"తొలకరి నుంచి అడుగుతున్నానండి. నాన్నగారు చూస్తారంటారే గానీ, తన మనసులో ఏముందో చెప్పరు. మీరు సరేనన్నా, ఆవిడకి ఇష్టం లేకపోతే నాకొద్దండి."

అనేశాక భయమేసింది. ఇంతమందిలో ఆడపిల్లని నిలదీశాను, ఇక ఈ గుమ్మం తొక్కనివ్వరు అనుకున్నాడు. జాషువా గారు కూతురి వైపు తిరిగారు. ఎవరి మీద ఫిర్యాదో వాళ్లే జవాబు చెప్పాలి, అది పద్ధతి.

జ్యోతి కొంగు తల మీదికి సర్దుకుంది.

"మా ఇంట్లో గోంగూర రొయ్యలు ఎవరూ ఇష్టంగా తినరు నాన్నా," అంది, నేల చూపులు చూస్తూ. "తెల్లారగట్ల లేచి అన్ని రొయ్యలు ఎవరి కోసం ఒలిచానో ఈయనకి తెలియొద్దూ?"

ముసలమ్మలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. జాషువా గారు మాత్రం నవ్వలేదు. ఇద్దరి మనసులూ సమాధానపడ్డాయా అని అడిగారు. అతను తలూపాడు, ఆవిడా ఊపింది. కూర్చోమన్నారు. అందరూ తలలు వంచారు. ఆ ప్రార్థన ఎప్పటికన్నా ఎక్కువసేపు సాగింది. ఈయన దేవుడితో ఏం మాట్లాడుతున్నారో అని సుకుమార్ హడలిపోతూనే ఉన్నాడు.

తలెత్తేసరికి ఆయన కళ్లు చెమర్చి ఉన్నాయి.

"మీ అమ్మగారిని ఎప్పుడు తీసుకొస్తారు బాబూ?"

సుకుమార్ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టబోయాడు.

"వచ్చే ఆదివారం నాన్నా," అంది జ్యోతి, కంచాలు తీస్తూ. "వాళ్లమ్మ పాపాయమ్మ గారితో నేను మొన్నే ఫోన్‌లో మాట్లాడేశాను."