నాలుగు పనికిరాని అడాప్టర్లు

"పిన్ను పట్టింది కదండీ!" అన్నాను.

రిపేరు షాపు కౌంటరు వెనకున్న అమ్మాయి నా అడాప్టరు వంక, తర్వాత నా వంక చూసింది. రెండింట్లో దేన్ని ముందు బయట పారేయాలో తేల్చుకుంటున్నట్టుంది.

"కాళ్ళకి పట్టాయని ఎవరి చెప్పులైనా వేసుకెళ్ళిపోతారా? మీ గేమ్ కన్సోల్‌కి పన్నెండు వోల్టులు, మూడు ఆంపులు కావాలి. ఇది వైఫై బాక్సుది, ఒకటే ఆంపు. లైటు వెలుగుతుంది, ఆట మొదలెట్టగానే ఆగిపోతుంది."

"పోనీ, ఐదు ఆంపులది పెడితే పేలిపోతుందా?"

"వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపులు ఎక్కువున్నా భయం లేదు, కన్సోల్ తనకి కావలసినంతే తీసుకుంటుంది. తక్కువైతేనే తంటా. అర్థమైందా, బొమ్మ గీయాలా?"

అర్థమైంది. కానీ సరైనది కొనేస్తే మళ్ళీ ఆ షాపుకి వెళ్ళడానికి సాకేముంది? ఇంట్లో ఇంకోటి ఉంది, తెస్తానని చెప్పి వచ్చేశాను.

మంగళవారం లాప్‌టాప్‌ది పట్టుకెళ్ళాను.

"పంతొమ్మిది వోల్టులా! కన్సోల్ మీద ఏమైనా పగా?"

గురువారం మ్యూజిక్ కీబోర్డుది.

"ప్లస్సు, మైనస్సు తారుమారు. ఇక్కడ గుర్తుంది చూడండి. కళ్ళున్నది అలంకారానికా?"

తిట్లు తిని ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాను.

శనివారానికి ఇంట్లో అడాప్టర్లు అయిపోయాయి. పొద్దున్నే ఆమె లేనప్పుడు వెళ్ళి, అదే షాపులో వాళ్ళ నాన్నగారి దగ్గర పాత సామాన్ల డబ్బాలోంచి ఒకటి కొన్నాను. సాయంత్రం దాన్నే తెచ్చి ఆమె ముందు పెట్టాను. నా తెలివి అలాంటిది.

ఆమె తిరగేసింది. వెనక ఆమె చేతిరాతతోనే చీటీ అంటించి ఉంది: 'తొమ్మిది వోల్టులు. గేమ్ కన్సోల్‌కి పనికిరాదు.'

"చదవడం వచ్చా మీకు?"

"వచ్చండీ."

"మరెందుకు కొన్నారు?"

"సరైనది కొంటే మళ్ళీ మిమ్మల్ని చూడలేనని."

వెనక బల్ల దగ్గర ఏదో విప్పుతున్న వాళ్ళ నాన్నగారు తల ఎత్తారు.

"పనికిరాదని చెప్తే, అదే కావాలన్నాడమ్మా. నాకు అప్పుడే అనుమానమొచ్చింది." నా వైపు తిరిగారు. "బాబూ, మా అమ్మాయికి నోరెక్కువ. ఆలోచించుకో."

"ఎక్కువున్నా భయం లేదండీ. నాకు కావలసినంతే తీసుకుంటాను."

ఆమె నవ్వు ఆపుకుంటూ పన్నెండు వోల్టుల, మూడు ఆంపుల అడాప్టరు తీసి నా చేతిలో పెట్టింది. ఇక రావద్దని చెప్తోందనుకున్నాను.

"పనిచేస్తోందో లేదో రేపు నాన్నా నేనూ మీ ఇంటికొచ్చి చూస్తాం. ఇద్దరు ఆడ్డానికి రెండో కంట్రోలరుందా?"

"లేదండీ."

"కొనండి. ఈసారైనా సరైనది."