తోమిన లక్ష్మి

"దీన్ని ఎవరు తోమారు?"

మలేసియా క్లాంగ్‌లోని లిటిల్ ఇండియాలో పాత నాణేల కొట్టు అది. హేమనాథ్ భూతద్దం దించి తమిళంలో అడిగాడు.

"మా అమ్మమ్మ. ప్రతి శుక్రవారం, విబూదితో." రాగిణి కూడా తమిళంలోనే చెప్పింది. "లక్ష్మి కదా."

అతను నవ్వాడు. చొక్కా గుండీ అంత వెండి బిళ్ల, మధ్యలో కూర్చున్న ఆవిడ.

"లక్ష్మి కాదండీ, అమెరికా వాళ్ళ స్వేచ్ఛామాత. నూట యాభై ఏళ్ళు దాటిన అయిదు సెంట్ల బిళ్ల. చేతిలో ఉన్నది తామర మొగ్గ కాదు, కర్ర మీద టోపీ. తోమకుండా ఉంటే మంచి ధర పలికేది. ఇప్పుడు ఒట్టి వెండి ధరే."

రాగిణికి ఒళ్ళు మండింది. విలువైనదని ఎవరైనా చెబితేనే ఉంచుతానంది వదిన. లేకపోతే కరిగించి పాప పట్టీల్లో కలిపేస్తుంది. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మమ్మ అన్నం ముట్టలేదు.

బిళ్ల లాక్కుని బయటికి వచ్చేసింది. బయట కుండపోత వాన. కొట్టు ముందు నడవలోనే నిలబడి ఫోన్ తీసింది. ఇక్కడ తెలుగు ఎవరికి అర్థమవుతుంది?

"అమ్మమ్మా, ఈడెవుడో భూతద్దం పట్టుకున్న గుడ్డోడు. నీ లక్ష్మి సేతికి టోపీ ఇచ్చినాడు. మొగం సూస్తే బాగానే ఉన్నాడు, బుద్దే లేదు."

"మొగం బాగుందా?"

వెనక నుంచి, తెలుగులో.

"తెలుగోడివా? ముందే సెప్పడానికేటి?"

"నువ్వు అడిగినావా లా?" మలేసియా అలవాటు కొద్దీ చివర 'లా' తగిలించాడు.

హేమనాథ్ గుప్పిట విప్పాడు. అచ్చం అలాంటి బిళ్లే, కానీ ఆవిడ మొహం పూర్తిగా అరిగిపోయింది.

"మా నాయనమ్మది. సుంగై సుమున్ ఊళ్ళో సింతపండెట్టి తోమింది. మా ఇంట్లోనూ లక్ష్మే. ఎవులడిగినా అమ్మలేదు. ఇందాక ఆవిడ గుర్తొచ్చి నవ్వినాను."

"నవ్వేముందు ఆ ముక్క సెప్పాల. నీ మాట పట్టుకుని మా వదిన దీన్ని పట్టీలకి కరిగించేస్తాది."

"పట్టీలకి తక్కువైన ఎండి నేనిస్తాను. దీన్ని ముట్టుకోవద్దని సెప్పు."

"జాలి పడి ఇస్తన్నావా?"

"మొగం బాగుందన్నావు గదా, అందుకు."

రాగిణి కోపంగానే చూసింది. చెంపలే ఎర్రబడి మోసం చేశాయి.

చేతిలో ఫోన్ ఇంకా కట్ చెయ్యలేదు. అమ్మమ్మ అంతా విన్నది.

"రాగిణీ, ఆ గుడ్డోడిని శుక్రవారం రమ్మను. రెండు లక్ష్ముల్నీ ఒక్క పీట మీదే ఎడదాం. నేను అన్నం ఎట్టుకుంటన్నాను."

"వస్తాను అమ్మమ్మా," అన్నాడు హేమనాథ్. "విబూది మాత్రం..."

"ఇంకో మాటన్నావంటే," అంది రాగిణి, "నిన్ను కూడా తోమేస్తాను."