అర చుట్టు తక్కువ

"ఇందులో తొమ్మిది మీకు అక్కర్లేదు," అన్నాడతను, ఆమె ఇచ్చిన చీటీ మీద పెన్సిలు ఆనించి.

ఆమె కౌంటరు మీద మోచేతులు మోపింది. "మీరు అమ్మడానికి కూర్చున్నారా, ఆపడానికా?"

కారు వెనక తగిలించుకుని పోయే చక్రాల ఇళ్ళకు కావలసిన సామాన్లు అమ్మే దుకాణం అది. మడత కుర్చీలు, నీళ్ళ డబ్బాలు, గుడ్డ పందిళ్ళు నేల నుంచి కప్పు దాకా ఉంటాయి. దుకాణం అతని మేనత్తది, అమ్మకం అతనిది. వాడని వస్తువు ఎవరికీ అంటగట్టడని కొనేవాళ్ళు మెచ్చుకునేవారు. అందుకే అత్త తిట్టేది.

"షవరు ఎందుకు? ఎక్కడ ఆగుతారు?"

"బడి ఆవరణల్లో. ఊరూరా తిరిగి పిల్లలకు చెవులు పరీక్ష చేస్తాను. పనీ ట్రెయిలర్‌లోనే, పడకా ట్రెయిలర్‌లోనే."

"బళ్ళో నీళ్ళుంటాయి. బకెట్ చాలు." గీత కొట్టేశాడు. "ఎంతమంది?"

"ఒక్కదాన్నే."

"మరి కుర్చీలు రెండెందుకు?"

ఆమె నోరు తెరిచేలోపే రెండో కుర్చీ మీద గీత పడింది. చివరికి ఒక కుర్చీ, ఒక బ్యాటరీ దీపం, ట్రెయిలర్ సమంగా నిలిచిందో లేదో చూసుకునే రసమట్టం మిగిలాయి.

"చీటీలో లేనిది ఇంకొకటుంది," అందామె. "లోపల ఏదో టిక్కుమంటోంది. పిల్లలు నా మిషన్ శబ్దాన్ని వదిలేసి వినబడగానే నొక్కాల్సిన బటన్ దానికి నొక్కుతున్నారు."

అతనికి ఆసక్తి పుట్టింది. దుకాణం వెనక ఖాళీ స్థలంలో ఉన్న ట్రెయిలర్ ఎక్కి, వెనక మూల బల్ల మీద కూర్చుని చెవులు రిక్కించాడు. ఆమె అటూ ఇటూ నడిచింది. చప్పుడు లేదు.

"రోజంతా చెవులతోనే పని కదా. అది మీ చెవిలోనే ఉందేమో."

"నా చెవుల్ని ఏటా పరీక్ష చేస్తారు. మీవి ఎవరైనా చూశారా?"

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. టిక్కు పోలేదట. ట్రెయిలర్ కదలకుండా నాలుగు మూలలా కాళ్ళలాంటి జాకీలుంటాయి. వాటిని తానే తిప్పి దించింది. అతను చెయ్యి వేయబోతే, "మీరు లోపలికి పదండి," అంది. అతను ఆ బల్ల మీదే కూర్చుని, పళ్ళేల మధ్య రబ్బరు చాప ముక్కలు పరిచాడు. చప్పుడు లేదు.

మూడోసారి అల్మరా తలుపులకు గొళ్ళాలు బిగించాడు. ఆ రోజు ఆమె దుకాణంలోకి వచ్చి అత్త చెవులూ పరీక్షించింది. అత్తకు ఆరేళ్ళుగా చెముడని అందరి నమ్మకం.

"మీ అత్తయ్య చెవులకు ఏ లోటూ లేదు," అందామె.

"బేరమాడితే వినబడదు మరి."

"అది చెవి జబ్బు కాదు."

అత్త హెడ్‌ఫోన్ తీసి, "ఏమంటోందిరా ఈ అమ్మాయి?" అంది.

నాలుగోసారి వచ్చేసరికి సన్నగా జల్లు పడుతోంది. "ఎల్లుండి బయల్దేరుతున్నాను," అందామె. "మూడు నెలలు. దూరం ఊళ్ళు."

అతను ట్రెయిలర్‌లోంచి స్క్రూడ్రైవర్ కోసం కిందికి దిగాడు. ఆమె లోపల నడుస్తోంది.

టిక్.

వంగి చూశాడు. వెనక మూల నాలుగో జాకీ నేలకు ఆనలేదు. వేలు దూరేంత సందు ఉంది. ఆమె అడుగు వేసినప్పుడల్లా జాకీ కాలు ఊగి ఇనుప చట్రానికి తగులుతోంది. ఆ మూల బల్ల మీద తను కూర్చుంటే బరువుకు ట్రెయిలర్ కుంగి, జాకీ నేలకు ఆనుతోంది. చప్పుడు వెతకడానికి వెళ్ళిన ప్రతిసారీ తనే దాన్ని ఆపాడు.

అర చుట్టు తిప్పితే పని అయిపోతుంది. రేపటి నుంచి ఆమెకు ఇక్కడ పనీ ఉండదు.

"దొరికిందా?" ఆమె తలుపులోంచి తొంగి చూసింది. జుట్టు మీద నాలుగు చినుకులు పడ్డాయి.

"లేదు," అన్నాడు. "రేపు మళ్ళీ తీసుకురండి."

ఆ దుకాణంలో అతను చెప్పిన మొదటి అబద్ధం అది.

సాయంత్రం దుకాణం కట్టేస్తుంటే అత్త అడిగింది: "ఆ పిల్ల చీటీలో రెండో కుర్చీ కొట్టేశావటగా?"

"నీకెలా తెలుసు?"

"విన్నాను. మీ మామయ్య పోయి పదకొండేళ్ళు. ఆయన కుర్చీ ఇంకా వరండాలోనే ఉంది. ఎందుకు తీయలేదని ఎప్పుడైనా అడిగావురా?"

అతను అడగలేదు. ఆ రోజూ అడగలేదు. అన్నం మాత్రం సరిగా తినలేదు.

మర్నాడు ఆమె జాకీలు దించే దాకా ఆగాడు. తర్వాత నాలుగో జాకీ దగ్గర గొంతుక్కూర్చుని, హ్యాండిల్ అర చుట్టు తిప్పాడు.

"నడిచి చూడండి."

ఆమె నడిచింది. టిక్కు లేదు.

"నిన్ననే దొరికింది," అన్నాడు, నేల మీంచి కళ్ళెత్తకుండా. "అబద్ధం చెప్పాను. బాగైపోతే మీరు ఇక రారని."

ఆమె మెట్టు మీద కూర్చుంది. తన మాటకు అతనే సిగ్గుపడి లేవబోయాడు.

"ప్రతిసారీ ఆ ఒక్క జాకీయే ఎందుకు పొట్టిగా ఉంటుందో ఆలోచించారా?"

అతను ఆగాడు.

"మొదటిసారి నిజంగానే తెలియలేదు. ఆ సాయంత్రమే కారణం దొరికింది. చెవులతో బతికేదాన్ని, ఆ మాత్రం కనుక్కోలేనా? మిగతా నాలుగుసార్లూ కావాలనే వదిలేశాను."

"మరి పిల్లల బటన్లు?"

"బడి దగ్గర నాలుగూ బిగించేదాన్ని. ఇక్కడే అర చుట్టు తక్కువ."

అతను నవ్వలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆమె లేచి తిన్నగా దుకాణంలోకి నడిచింది. అతను వెనకే వెళ్ళాడు. ఆమె సంచిలోంచి పాత చీటీ తీసి కౌంటరు మీద పరిచి, ఒక గీత మీద వేలు పెట్టింది.

"ఇది మళ్ళీ రాయండి."

రెండో కుర్చీ.

"వాడనిది నేను అమ్మను," అన్నాడు.

"ఎవరు వాడతారో మీరే చెప్పండి."

అతను పెన్సిలు చేత్తో పట్టుకున్నాడు. తిరిగి జల్లు మొదలైంది. గల్లా దగ్గర అత్త కళ్ళజోడు తుడుచుకుంటోంది.

"వాడే వాడతాడమ్మా," అంది అత్త తలెత్తకుండా. "మూడు నెలలు దుకాణం నేను చూసుకోలేనా? వెళ్ళేముందు మీ ఇంటికి ముగ్గురం వెళ్ళి మీవాళ్ళతో మాట్లాడి వద్దాం. ఒరేయ్, నీళ్ళు నమలకుండా రాయి."

అతను రాశాడు. తర్వాత నిచ్చెన వేసుకుని, పై అరలోంచి కుర్చీ దించి, మడత విప్పి, కాళ్ళు నాలుగూ నేలకు ఆనాయో లేదో వంగి చూశాడు.